పనితో పాటు పెత్తనమూ పంచుకుందాం

(ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవ సన్నాహాల కోసం ఏర్పాటు చేసిన కార్యకర్తల సమావేశంలో సంఘం సాంస్కృతిక విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వానలో తడుస్తూ వచ్చారు. పత్తిలో కలుపు తీసే రోజులివి, ఎరువు వేసే రోజులు. ఒక పూట చేను వదిలి రావడమంటే ఎంత నష్టమో మాకు తెలుసు. అందుకే ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఆగస్టు 9న ఏం చేద్దామనేది పోయిన సమావేశంలోనే అనుకున్నాం. జెండా, ర్యాలీ, సభ, మన ఆటపాటలు, భోజనం. ఈ రోజు మాట్లాడేది వాటి గురించి కాదు. ఆ పనులు ఎవరు చేస్తారు, చేసేవాళ్లకు ఏ అధికారం ఉంటుంది అనే సంగతి మాట్లాడదాం.

ముందు తేదీ గురించి ఒక మాట. ఎందుకు ఆగస్టు 9 అని పిల్లలు అడుగుతున్నారు. 1982లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల సమస్యల మీద వేసిన కార్యవర్గం మొదటిసారి సమావేశమైన రోజు అది. 1994లో ఐక్యరాజ్యసమితి ఆ తేదీని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించింది. స్టేజీ మీద మాట్లాడేవాళ్లు ఈ రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి. ఏటా ఎవరో ఒకరు తప్పు చెప్తూనే ఉన్నారు.

ఇక అసలు విషయానికి వద్దాం. మన దగ్గరే కాదు, ఏ జిల్లాకు వెళ్లినా సంఘం కార్యక్రమం ఎట్లా నడుస్తుందో చూడండి. ఒక మనిషి ఉంటాడు. ఆయన దగ్గర ఒక ఫోను ఉంటుంది. టెంటువాడు ఆ ఫోనుకే చేస్తాడు. ఫ్లెక్సీ కొట్టేవాడు అక్షరాలు సరిచూడమని ఆ ఫోనుకే పంపిస్తాడు. పోలీస్ స్టేషన్ నుంచి ఆ ఫోనుకే వస్తుంది. డప్పు బృందం ఏ చౌరస్తాలో దిగాలో ఆ ఫోనునే అడుగుతుంది. వంట మాస్టరు నూనె చాలలేదంటే ఆ ఫోనే. చుట్టూ యాభై మంది కార్యకర్తలు నిలబడి ఉంటారు, అందరూ చురుకైనవాళ్లే. "అన్నా, ఇంకేం చెయ్యాలె?" అని అడుగుతుంటారు. చెప్పేంత తీరిక ఆయనకు ఉండదు. పదకొండు గంటలకు ఫోను చార్జింగ్ అయిపోతుంది. ఇంకేముంది, ర్యాలీ మొదలైపోతుంది గానీ కొలాం గూడెంకు పోవాల్సిన డీసీఎం ఇంకా పెట్రోల్ బంకు దగ్గరే ఉంటుంది.

ఆ మనిషి చెడ్డవాడు కాదు. చాలాసార్లు అందరికంటే మంచివాడు, జేబులోంచి డబ్బులు పెట్టుకునేవాడు. కానీ ఆయనకు ఉద్యోగం వచ్చి వేరే ఊరికి పోతే, ఆరోగ్యం బాగాలేకపోతే, ఎవరి మీదనైనా అలిగితే, ఆ ఏడు కార్యక్రమం ఉండదు. ఇట్లా ఆగిపోయిన సంఘాలు మన చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి. బోర్డు ఉంటుంది, రబ్బరు స్టాంపు ఉంటుంది, మనుషులు ఉండరు.

దీనికి ఉపాయం ఎక్కడో వెతకాల్సిన పని లేదు. కేస్లాపూర్ పోదాం.

నాగోబా జాతరకు మనలో పోనివాళ్లు లేరు. కానీ దర్శనానికి పోవడం వేరు, ఆ పని ఎట్లా జరుగుతుందో చూడటం వేరు. పుష్య మాసంలో నెలవంక కనిపించాక మెస్రం వంశంలో కదలిక మొదలవుతుంది. ఎడ్లబండి కట్టుకుని ఊరూరా తిరిగి జాతర కబురు చెప్తారు. సిరికొండలో కుమ్మరులు కుండలు చేస్తారు. వాళ్లు మెస్రం వాళ్లు కాదు, ఆ మాటకొస్తే గోండులే కాదు, అయినా వాళ్ల కుండలు లేకుండా పూజ లేదు. గంగాజలం కోసం మెస్రం వాళ్లు కాలినడకన జన్నారం మండలంలోని కలమడుగు దగ్గర గోదావరి హస్తిన మడుగు దాకా పోతారు. తిరిగి వస్తూ ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతారు. అమావాస్య రాత్రి మహాపూజ. ఆ సమయంలో కోనేటి నుంచి నీళ్లు తేవడం, పుట్ట మట్టి పని చేయడం వంశపు ఆడపడుచులది, అల్లుళ్లది. కొత్త కోడళ్లకు భేటింగ్. పర్ధాన్ కిక్రీ పట్టి వంశ చరిత్ర పాడతాడు. పూజ కటోడాది. మెస్రం వంశంలో 22 కితలు ఉన్నాయి. అందుకే గోవాడ్‌లో ఎన్ని వందల కుటుంబాలు దిగినా వంట 22 పొయ్యిల మీదనే, ఒకరి తర్వాత ఒకరు.

ఇందులో ఒకటి గమనించండి. నీళ్లు తెచ్చే ఆడపడుచు "నీళ్లు తేవాలా?" అని పటేల్‌ను అడగదు. అది ఆమె పని, ఆమె హక్కు. ఆమె రాకపోతే పని ఆగుతుంది గనుక ఆమె కోసం అందరూ ఎదురుచూస్తారు. పర్ధాన్ ఏ కథ ఎక్కడ మొదలుపెట్టాలో కటోడా చెప్పడు. కుమ్మరికి కుండ ఎట్లా చేయాలో ఎవరూ నేర్పరు. పెద్ద మనిషి ఉన్నాడు, పెద్దరికం ఉంది, గౌరవం ఉంది. కానీ అన్ని పనుల మీదా ఒక్కడి పెత్తనం లేదు. అల్లుడు ఎంత చదువుకున్నవాడైనా, ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా ఆ రాత్రి ఆయన పని ఆయనదే. ఇదే వంశంవాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్న కొత్త ఆలయం 2022 డిసెంబరులో ప్రారంభమైంది. ఎవరో వచ్చి కట్టివ్వాలని కూర్చోలేదు.

అట్లాగని పాత పద్ధతి మొత్తం దించుకుందామని మేము అనడం లేదు. అక్కడ ఎవరి పని ఏమిటో పుట్టుకతోనే తేలిపోతుంది. తండ్రి పక్కన నడుస్తూ కొడుకు నేర్చుకుంటాడు, ఎవరూ కాగితం మీద రాయరు. మనది వాలంటీర్ల పని. ఇక్కడ గోండులు ఉన్నారు, కొలాములు ఉన్నారు, పర్ధాన్లు, తోటీలు, నాయక్‌పోడులు, అంధ్‌లు ఉన్నారు. డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు, సార్లు ఉన్నారు, కూలికి పోయేవాళ్లు ఉన్నారు. వచ్చే ఏడు ఇందులో సగం మంది ఉండకపోవచ్చు. కాబట్టి మనకు పుట్టుకతో రానిది నోటితో చెప్పుకోవాలి, కాగితం మీద రాసుకోవాలి. అంతే తేడా.

సరే, పని అప్పగించడం ఎట్లా? వాట్సాప్ గ్రూపులో "భోజనాల సంగతి ఎవరైనా చూసుకోండి" అని పెడితే ఇరవై మంది బొటనవేలు గుర్తు పెడతారు, ఒక్కరూ చూసుకోరు. అందరికీ చెప్పింది ఎవరికీ చెప్పనట్టే అవుతుంది. ఇంటికి పోయి, మనిషి ఎదురుగా కూర్చుని, పేరు పెట్టి అడగాలి. "అక్కా, ఈసారి భోజనాలు నువ్వు చూడు" అని. అడిగేటప్పుడే ఏ రోజుకు ఏది అయిపోవాలి, ఎంత డబ్బు చేతికిస్తాం, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోను చేయాలి అనేవి చెప్పాలి. ఆమె కాదంటే నొచ్చుకోవద్దు. మొహమాటానికి ఒప్పుకుని చివరి రోజు రానివాళ్లకంటే ముందే కాదన్నవాళ్లు మేలు.

భోజనం సంగతే తీసుకుందాం, ఎందుకంటే మాట వచ్చేది ఎప్పుడూ అక్కడే. వెయ్యి మంది అనుకుంటే, నడిచి ఆడి అలిసి వచ్చినవాళ్లు కాబట్టి క్వింటాన్నర బియ్యం తక్కువ కాకుండా కావాలి. పప్పు, ఒక కూర, చారు. గంజులు, కట్టెలు లేదా గ్యాసు, నీళ్ల ట్యాంకరు, వడ్డించేవాళ్లు. వాన పడితే తినేవాళ్లు ఎక్కడ కూర్చోవాలి? ఇవన్నీ ఒక అక్కకు అప్పగించాక, కూర వంకాయా ఆలుగడ్డా అనేది ఆమె ఇష్టం. ఏ దుకాణంలో సరుకులు తేవాలో ఆమె ఇష్టం. మధ్యాహ్నం పూట మనలో ఒక పెద్దమనిషి వచ్చి "పులిహోర పెట్టాల్సింది" అని గంజి దగ్గర నిలబడి చెప్పకూడదు. ఆ ఒక్క మాటతో ఆమె చేతిలోని పెత్తనం పోతుంది. వచ్చే ఏడు అడిగితే "మీరే చూసుకోండి" అంటుంది. అనాలి కూడా.

డబ్బు లేకుండా పని అప్పగించడం మన దగ్గర పెద్ద జబ్బు. "నువ్వు పెట్టు, తర్వాత ఇస్తాం" అంటాం. పెట్టగలిగినవాడే పని తీసుకుంటాడు. పెట్టలేనివాడు, పెట్టలేని ఆమె వెనక్కి పోతారు. ఆ విధంగా నాయకత్వం జీతం వచ్చేవాళ్ల చేతుల్లోకి పోయింది. సంఘం మీటింగుల్లో ముందు వరుస చూడండి, సార్లమే ఎక్కువ కనిపిస్తాం. ఈసారి ప్రతి జట్టుకు ముందే అడ్వాన్సు ఇద్దామని మా సూచన. రెండు వేల రూపాయల దాకా జట్టు నాయకులే నిర్ణయించుకుంటారు, ఎవరినీ అడగనక్కర లేదు. అంతకు మించితే కోశాధికారికి ఒక ఫోను. ప్రతి ఖర్చుకూ చిట్టీ. కార్యక్రమం అయిన మూడో రోజుకు లెక్క. చందా రశీదు పుస్తకాలు ఎవరెవరికి ఇచ్చామో నంబర్లతో రాసుకోవాలి, మిగిలిన పుస్తకం తిరిగి తీసుకోవాలి. నమ్మకం ఉందని లెక్క మానుకోకూడదు. లెక్క సరిగా ఉంటేనే ఇచ్చేవాడూ తీసుకునేవాడూ వచ్చే ఏడు ఎదురుపడి మాట్లాడుకోగలరు.

లెక్కల మాట వచ్చింది కాబట్టి అక్కల గురించి చెప్పాలి. మన గూడేల్లో మహిళా సంఘాలు ఏళ్లుగా నడుస్తున్నాయి. పొదుపు పుస్తకాలు, బ్యాంకు అప్పు, వాయిదాలు, తీర్మానాల పుస్తకం అన్నీ అక్కలే రాస్తున్నారు. బ్యాంకులో మేనేజరుతో మాట్లాడి వస్తున్నారు. అటువంటివాళ్లను పిలిచి వడ్డించే పని ఇస్తున్నాం, స్వాగతానికి పళ్లెం పట్టుకుని నిలబడమంటున్నాం. కోశాధికారి పని, సామాను కొనే పని వాళ్ల చేతిలో పెడితే మనకే మంచిది. వాళ్లకు ఎట్లా చేయాలో మనం నేర్పాల్సిన పని లేదు. సమావేశం పెట్టే వేళ మాత్రం మార్చుకోవాలి. సాయంత్రం ఆరింటికి మీటింగ్ అంటే పొయ్యి దగ్గర ఉండేవాళ్లు ఎట్లా వస్తారు?

ఇంకో సంగతి కొంచెం కష్టంగా ఉంటుంది, అయినా చెప్తాం. కొలాం తమ్ముళ్లను, తోటీ కళాకారులను మనం ఎప్పుడు గుర్తు చేసుకుంటున్నాం? ర్యాలీకి వాద్యాలు కావాలన్నప్పుడు, కిక్రీతో ఫోటో కావాలన్నప్పుడు. వాళ్లు వచ్చి వాయిస్తారు, ఆడతారు, బువ్వ తిని పోతారు. ర్యాలీ ఏ దారిన పోవాలి, స్టేజీ మీద ఎవరు మాట్లాడాలి, ఏ సమస్య మీద వినతిపత్రం ఇవ్వాలి అని తేల్చేటప్పుడు వాళ్లు అక్కడ ఉండరు. ప్రభుత్వం లెక్కలోనే ఈ రెండు తెగలు అత్యంత వెనుకబడినవిగా ఉన్నాయి. మన సంఘంలో కూడా వెనుకే ఉండాలా? ఈసారి ర్యాలీ వరుస నిర్ణయించే జట్టుకు కొలాం గూడేల నుంచే ఒకరు నాయకులుగా ఉండాలని మా ప్రతిపాదన. మైకులో గోండిలోనూ తెలుగులోనూ చెప్పే ప్రతి ప్రకటన కొలామీలో కూడా చెప్పాలి. చెప్పేవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు.

కొత్తవాళ్లకు పని ఇస్తే చెడిపోతుందేమో అని పెద్దలకు భయం ఉంటుంది. ఆ భయం ఉత్తదేమీ కాదు. దీనికి సేద్యంలో మనం చేసేదే చేద్దాం. కొత్త కోడెను ఒంటరిగా దున్నకానికి కట్టం కదా. అలవాటున్న ఎద్దు పక్కన కాడికి కడతాం. నాలుగు సాళ్లు తిరిగేసరికి అదే దారి పడుతుంది. అట్లాగే ప్రతి పనికీ జోడీ ఉండాలి, ఒక పాత మనిషి, ఒక కొత్త మనిషి. కాకపోతే టెంటువాడితో మాట్లాడేది, సంతకం పెట్టేది, సమావేశంలో లేచి చెప్పేది కొత్త మనిషే. పాత మనిషి పక్కన నిలబడాలి. నోరు అదుపులో పెట్టుకోవడం మాత్రం పాత మనిషికి కష్టమే. మాకూ కష్టమే.

చెడిపోయినా ఫరవాలేని పనులు కొన్ని ఉంటాయి, చెడిపోకూడనివి కొన్ని ఉంటాయి. ఈ తేడా ముందే తెలుసుకుంటే సగం కోపాలు తగ్గుతాయి. ఫ్లెక్సీ కొంచెం వంకరగా కట్టారు, ఏం కాదు. పాటల వరుస మారింది, ఏం కాదు. ముఖ్య అతిథికి శాలువా ఆలస్యమైంది, ఆయనకు చలేమీ కాదు. ఇటువంటివి కొత్తవాళ్లకు పూర్తిగా వదిలేయండి, చూసి నవ్వి ఊరుకోండి. తాగే నీళ్లు అట్లా కాదు. పిల్లలు ఇంటికి చేరడం అట్లా కాదు. ఆశ్రమ పాఠశాలల నుంచి పిల్లలు ఆటకు వస్తారు, అందులో ఆడపిల్లలు ఎక్కువ. వచ్చినప్పుడు ఎంతమంది, బండి ఎక్కినప్పుడు ఎంతమంది, వార్డెన్‌కు అప్పగించినప్పుడు ఎంతమంది అనేది పేర్ల జాబితాతో చూడాలి. తలలు లెక్కపెట్టి అయిపోయింది అనకూడదు. ప్రతి బండిలో ఒక అక్క కూర్చోవాలి. చీకటి పడకముందే బండ్లు కదలాలి, సభలో మంత్రిగారు మాట్లాడుతున్నా సరే. ఈ ఒక్క విషయంలో రవాణా జట్టు నాయకుడి మాట అధ్యక్షుడి మాట కంటే పెద్దది. ఇది ఈ సమావేశంలోనే తీర్మానంగా రాసుకుందాం. అట్లా రాసి ఉంటేనే ఆ రోజు ఆ కుర్రవాడు స్టేజీ దగ్గరికొచ్చి "బండ్లు పోతున్నాయి" అని ధైర్యంగా చెప్పగలుగుతాడు.

కబురు చేరవేసే పని కూడా అట్లాంటిదే. మన ప్రాంతంలో సభ, అనుమతి అనే మాటలు మామూలు మాటలు కావు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభ ఉందని గూడేల నుంచి జనం నడిచి వచ్చారు. సభకు అనుమతి లేదన్న సంగతి తెలియకుండానే వచ్చినవాళ్లు అందులో చాలామంది. కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్క 13 మంది అంది, మన పెద్దలు చెప్పే లెక్క దానికంటే చాలా ఎక్కువ. కాల్చినవాళ్ల బాధ్యతను మనం నెత్తిన వేసుకోనక్కర లేదు. కానీ ఆ స్థూపం ముందు నిలబడి జెండా ఎత్తేవాళ్లం కాబట్టి, అనుమతి కాగితం చేతికి వచ్చిందా లేదా, దారి మారిందా, సమయం మారిందా అన్న కబురు సెల్ టవర్ లేని గూడెం దాకా ఆ ముందు రోజే చేరాలి. వాట్సాప్‌లో పెట్టాం కదా అంటే కుదరదు. ప్రతి గూడెంకు ఒక మనిషి పేరు ఉండాలి. ఆ మనిషి పటేల్ ఇంటికి పోయి చెప్పి, "చెప్పాను" అని తిరిగి మనకు చెప్పాలి. కేస్లాపూర్ ఎడ్లబండి చేసే పని అదే కదా.

అప్పగించకూడనివి కూడా ఉన్నాయి. గుస్సాడీ సంగతి మీకు తెలుసు. నెమలి ఈకల టోపీ దండారీ పండుగలో పూజ చేశాకే బయటికి తీస్తారు. గుస్సాడీ వేసినవాళ్లకు నియమాలు ఉన్నాయి. ఆగస్టు నెలలో ర్యాలీ కోసం ఆ టోపీ తీయాలా వద్దా అని తేల్చేది కార్యక్రమ కన్వీనరు కాదు, కాలేజీ కుర్రవాళ్లు కాదు, అధికారులు అంతకంటే కాదు. ఆ గూడెం పటేల్, కటోడా, దండారీ పెద్దలు. వాళ్లు వద్దంటే వద్దు. ఫోటో బాగుండదని బతిమాలకూడదు, తోటి గూడెంవాళ్లు ఒప్పుకున్నారని పోటీ పెట్టకూడదు. ఒప్పుకుంటే, ఆటగాళ్లను ఎక్కడ ఆపాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అనేది కూడా వాళ్లే చెప్తారు. మన జట్టు ఆ మాట ప్రకారం ఏర్పాట్లు చేస్తుంది. పెత్తనం పంచుకోవడమంటే ఎవరి పెత్తనం ఎక్కడిదో గుర్తించడం కూడా.

అట్లాగే అనుమతి కోసం సంతకం పెట్టేవాళ్లం మేమే. రేపు బయట ఏదైనా మాట వస్తే, పోలీసులు అడిగినా, ఐటీడీఏ అడిగినా, పత్రికవాళ్లు అడిగినా జవాబు మేమే చెప్తాం. "ఆ పని ఫలానా అబ్బాయికి ఇచ్చాం, వాడు చేయలేదు" అని బయటివాళ్ల ముందు ఎవరూ అనకూడదు. ఏం జరిగిందో లోపల కూర్చుని ఆ అబ్బాయినే అడుగుదాం, ఆయన చెప్పేది వింటాం. ఈ భరోసా లేకపోతే ఎవరు మాత్రం పని తీసుకుంటారు?

మార్లవాయి సంగతి చెప్పి ముగిస్తాం. హైమన్‌డార్ఫ్ దంపతులు ఆ గూడెంలో ఉండి 1940ల్లో చేసిన పనుల గురించి చాలామంది మాట్లాడతారు. దర్బారు మొదలైంది ఆ రోజుల్లోనే. మాకు అన్నింటికంటే పెద్ద పనిగా కనిపించేది మార్లవాయిలో పెట్టిన ఉపాధ్యాయ శిక్షణా కేంద్రం. గోండు యువకులకే అక్కడ చదువు చెప్పి, వాళ్లనే గూడేల్లో పంతుళ్లను చేశారు. ఆయన ఈ ప్రాంతం వదిలి వెళ్లిపోయారు. పంతుళ్లు ఇక్కడే ఉన్నారు. మన ముందు తరంలో అర్జీ రాసినవాళ్లు, పట్టా కోసం కచేరీకి పోయి మాట్లాడినవాళ్లు, వాళ్ల దగ్గర నాలుగు అక్షరాలు నేర్చుకున్నవాళ్లే.

అదే మార్లవాయిలో గుస్సాడీ కనకరాజు గారు ఉండేవారు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో మనల్ని వదిలి వెళ్లారు. ఆయన తన ఆటను తన దగ్గరే దాచుకోలేదు, పిల్లలకు అడుగు అడుగూ నేర్పారు. కిక్రీ వాయించి వంశ కథ మొత్తం చెప్పగల పెద్దలు ఇప్పుడు మనకు ఎంతమంది ఉన్నారు? వాళ్లను స్టేజీ ఎక్కించి శాలువా కప్పి దింపేస్తున్నాం. ఈసారి ప్రతి పెద్ద కళాకారుడికీ ఒక యువకుడినో యువతినో జోడీగా ఇద్దాం. తీసుకురావడం, బస చూడటం, మందులు గుర్తు చేయడం, తిరిగి ఇంట్లో దింపడం వాళ్ల పని. దారి పొడవునా పక్కనే ఉంటారు కాబట్టి ఆయన పాడేది ఫోనులో రికార్డు చేసుకోవచ్చు, ముందు ఆయన ఒప్పుకుంటేనే. రెండు గంటల ప్రయాణంలో దొరికేది స్టేజీ మీద ఐదు నిమిషాల్లో దొరకదు. పెద్దాయన కూడా ఎవరో అడిగారని సంతోషిస్తారు.

అయిపోయింది. ఇప్పుడు రిజిస్టరు మీ చేతికి వస్తుంది. ఎడమ పక్క పని పేరు రాసి ఉంది. దాని ఎదురుగా రెండు ఖాళీలు ఉన్నాయి, పాత మనిషికి ఒకటి, కొత్త మనిషికి ఒకటి. రెండూ నిండకుండా ఏ పనీ మొదలుపెట్టం. రాయడం రానివాళ్లు పక్కవాళ్లతో రాయించండి, కానీ పేరు మీదే ఉండాలి. ఒక మనిషి పేరు రెండు చోట్ల కంటే ఎక్కువ కనిపిస్తే మేమే కొట్టేస్తాం, కోపం తెచ్చుకోవద్దు. కోశాధికారి ఖాళీలు రెండూ అక్కలకే వదిలాం. రవాణా జట్టువాళ్లు మాత్రం ఈ పూటే ఆగండి, గూడేల వారీగా బండ్ల లెక్క వేసుకోవాలి. వాన తగ్గేలోపు అది అయిపోతుంది.

జై ఆదివాసీ. జై కుమ్రం భీం. అందరికీ రామ్ రామ్.